చెయ్యి పడని ఇంజను

వ్యాసర్పాడి వంతెన కింద నీళ్ళు నిలిచాయి. మా షేర్ ఆటో ముందు ఒక లారీ, లారీ ముందు ఒక బస్సు, బస్సు ముందు ఏముందో ఎవరికీ కనబడదు. అంబత్తూరులో నాకు పనేమీ లేదు. పొద్దున వాషర్‌మెన్‌పేట్‌లో ఇడ్లీ తిని బయటికొస్తే ఎదురుగా ఒక బండి ఆగింది, ఎక్కాను. అది అటు పోతోందన్నారు. ఈ వయసులో ప్రయాణానికి కారణం వెతుక్కుంటూ కూర్చుంటే గడప దాటలేం.

నా ఎదుటి సీట్లో యాభై దాటిన మనిషి ఒకాయన, ఒళ్ళో నల్లటి ప్లాస్టిక్ పెట్టె. దాన్ని రెండు చేతులతోనూ అదిమి పట్టుకున్నాడు. పక్కన పూలబుట్టతో కూర్చున్నావిడ ఆ పట్టు చూసి అరవంలో ఎకసెక్కం మొదలుపెట్టింది.

"ఏంపా, అందులో పాముందా? మూత గట్టిగా వేశావా?"

"పామే అక్కా. ఇన్నాళ్ళూ చెప్పినట్టు ఆడింది. ఇప్పుడు నన్నే కరుస్తా ఉంది" అన్నాడు ఆయన, అరవంలోనే. తర్వాత ఎవరితోనూ కాకుండా తెలుగులో గొణిగాడు: "ఊర్లో ఇంజన్లన్నీ చెడినాయా, నా బుద్ధే చెడిందా, ఒకటీ తెలీటం లేదు."

ఈ అరవ ఊళ్ళో తెలుగు పాత గోడ మీది సున్నం లాంటిది. పైన ఎన్ని రంగులు పూసినా ఎక్కడో ఒకచోట పెచ్చు లేచి బయటపడుతుంది. బయటపడ్డప్పుడు నేను ఊరుకోలేను.

"ఏ ఇంజన్లు?" అని అడిగాను.

ఆయన తలెత్తాడు. "అయ్యా తెలుగా! ఏ ఊరు?"

"ఒక ఊరని లేదు. ముందు ఇంజన్ల సంగతి చెప్పండి."

పేరు దేవరాజులు. నాయుళ్ళు. ఆయన తాతకు తాత ఇక్కడికి వచ్చాడట. "ఎందుకొచ్చినాడో మా ఇంట్లో ఎవురికీ తెలీదు. వచ్చినోడు చెప్పి పోవాల గదా" అన్నాడు. తండ్రీ పెదనాన్నలూ మిరపకాయల టోకు వ్యాపారం చేశారు. ఈయనకు చిన్నప్పటి నుంచీ మిరప ఘాటు పడదు, తుమ్ములు. కొట్లో కూర్చోబెడితే గిరాకీ కంటే ముందు తనే వీధిలో ఉండేవాడు. అందుకని అంబత్తూరులో డీజిల్ పంపులు తయారుచేసే కార్ఖానాలో చేర్చారు. పంపు లోపల ఒత్తిడి ఎంతుందో మీటర్లు చూసి రాసుకోవడం అక్కడి పని. ఆ కార్ఖానా మూతపడ్డాక ఎలక్ట్రానిక్ సామాన్లమ్మే రిచీ వీధికి పోయి, ఎవరో అమ్మేసిన పాత ఆసిలోస్కోపు ఒకటి కొన్నాడు. రేడియోలు బాగుచేసేవాళ్ళ దగ్గర ఉండేది, పచ్చగీత నాట్యమాడే గాజుతెర. దాంతో ఏం చేస్తావని బంధువులు నవ్వారు.

చేసింది ఇదీ. డీజిల్ ఇంజనుకు ఒక సిలిండరులో ఇంజెక్టరు ఊడదీసి, ఆ బెజ్జంలో ఒత్తిడి సెన్సారు బిగిస్తాడు. వేలెడంత ఇత్తడి ముక్క అది, కొసన సన్నని రంధ్రం. డీజిల్ ఆపేసి ఇంజనును సెల్ఫుతో ఊరికే తిప్పిస్తాడు. పిస్టన్ పైకి వచ్చి గాలిని నొక్కినప్పుడల్లా సెన్సారు ఆ ఒత్తిడిని కరెంటుగా మార్చి తెరకు పంపుతుంది. తెర మీద కొండ లేస్తుంది, పడుతుంది, మళ్ళీ లేస్తుంది. కొండ ఎత్తుగా, కోసుగా ఉంటే లోపల అంతా క్షేమం. పొట్టిగా ఉంటే గాలి ఎక్కడో కారిపోతోందని అర్థం. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగి ఉండవచ్చు, కవాటం సరిగ్గా మూసుకోకపోవచ్చు. ఏదైనా ఇంజను తెరవకుండానే చెప్పేయవచ్చు. ఇప్పుడు గాజుతెర పోయి ల్యాప్‌టాప్ వచ్చింది, పని మాత్రం అదే. షెడ్లలో ఆయన్ను 'ఈసీజీ నాయుడు' అంటారు.

నాడి పట్టే వైద్యులు గుర్తొచ్చారు నాకు. వాతనాడి పాములా పాకుతుందని, పిత్తనాడి కప్పలా గెంతుతుందని, కఫనాడి హంసలా నడుస్తుందని రాసుకున్నారు వాళ్ళు. వేళ్ళ కింద కనబడని జంతువుల్ని చూసినవాళ్ళు. ఆవిరి యంత్రాల తొలిరోజుల్లో తెల్లవాళ్ళ సీమలో కూడా సిలిండరుకు చిన్న పెన్సిలు తగిలించి, లోపలి ఒత్తిడి చేతనే కాగితం మీద గీత గీయించేవారట. ఆ కిటుకును చాలా ఏళ్ళు బయటికి పొక్కనివ్వలేదట. లోపల ఏముందో తెరవకుండా తెలుసుకోవాలన్న ఆశ మనిషికి ఎంత పాతదో! ఇదంతా దేవరాజులుకు చెప్పబోయాను. ఆయన వినడం లేదు.

"కన్నియప్పన్ అని, నీళ్ళ లారీ ఆయనది" అన్నాడు. "నిండు ట్యాంకుతో పాడి దగ్గరుండే వంతెన ఎక్కాలంటే దమ్ము లేదంటాడు. పోయిన వారం పెట్టి చూసినా. ఆరు సిలిండర్లూ పొట్టి కొండలే. రింగులు పోయినాయి, తెరవాల్సిందే అని చెప్పేసినా. ఈ పొద్దు మెకానిక్కు శ్రీకుమార్ షెడ్డులో తెరుస్తా ఉండారు."

"చెప్పేశాక దిగులెందుకు?"

"ఆ తర్వాత ఇంకో బండికి పెట్టినా. అదీ పొట్టే. ఇంకోదానికి పెట్టినా. అదీ! అది కొత్త బండి అయ్యా, సీటు మీది కవరు కూడా తీయలేదు. దానికి రింగులు అరిగేదెట్ట? కన్నియప్పన్ లారీ మటుకు? రింగులు పోయినదైతే చలికి మొరాయించాల గదా. ఇది వానలో కూడా తాళం తిప్పేలోపల పలుకుతుంది. తెర చూస్తే రోగి, బండి చూస్తే పైల్వాను. నేను దేన్ని నమ్మాల?"

"మీ సెన్సారుకే జబ్బేమో."

"ఆమా, అదే గదా నేనూ అనుకొనేది! అయితే దాన్ని పరీక్ష చేసేదానికి ఇంకోటి కావాల. ఆ ఇంకోదాన్ని పరీక్ష చేసేదానికి..." అని చెయ్యి గాల్లో తిప్పి వదిలేశాడు.

జ్ఞానం తనంతట తానే నిజమని తెలుస్తుందా, దాన్ని ఇంకో జ్ఞానంతో సరిచూసుకోవాలా అని మన తర్కపండితులు వందల ఏళ్ళు కొట్టుకున్నారు. తేలలేదు. వ్యాసర్పాడి వంతెన కింద, షేర్ ఆటోలో తేలుతుందని నేనూ అనుకోలేదు.

"ఎప్పటి నుంచి ఇలా?"

"ఆయుధపూజ అయినప్పటి నుంచి. పూజకు ముందు బాగుండింది. దృష్టి తగిలిందంటుంది మా ఇంటామె మంగళ. గుమ్మడికాయ కూడా కొట్టించింది, పెద్దది."

"పోనీ, ఇవాళ తెరవద్దని ఫోన్ చేయవచ్చుగా?"

ఆయన పెట్టె మీద వేళ్ళతో కొట్టాడు. "చేస్తే ఏమని చెప్పాల? నిజంగానే రింగులు పోయి ఉంటే? నిండు నీళ్ళతో వంతెన మీద వెనక్కి జారితే? వద్దంటే ఒక తప్పు, తెరవమంటే ఒక తప్పు. నా చేత్తో చూసుకుని చెప్పాల. అదొకటే దారి."

తర్వాత చెప్పాడు అసలు సంగతి. ఆ లారీని కన్నియప్పన్ కొత్తగా కొన్నాడు. అప్పటి నుంచి ఇంజను పై మూత ఒక్కసారి కూడా లేవలేదు. కంపెనీలో మూసినాక మనిషి చెయ్యి లోపల పడని ఇంజను. లారీలవాళ్ళకు అది పెద్ద మాట. ఒకసారి తెరిచిన ఇంజనును ఎంత బాగా బిగించినా అది తెరిచిన ఇంజనే, మళ్ళీ తెరవనిది అవదు. కన్నియప్పన్ టీకొట్టు దగ్గర కొత్తవాళ్ళు కనబడితే ముందు ఆ సంగతే చెబుతాడట, పిల్లల సంగతి తర్వాత.

"ఆ ఇంజనుకు చెయ్యి పడకుండా ఇన్నేండ్లు కాపాడింది నా తెరే. ఎవుడన్నా తెరుద్దాం అంటే, 'నైనా తెర చెప్పనీ' అంటాడు కన్నియప్పన్, నన్ను నైనా అనే పిలుస్తాడు. ఇప్పుడు ఆ తెరే తెరవమంటా ఉంది" అన్నాడు దేవరాజులు.

ముందున్న లారీ కదిలింది. పూలావిడ పెరంబూరులో దిగుతూ, "పాముని ఆడించు, ఏడవకు" అని చెప్పి పోయింది.

పాడి దగ్గర మేమిద్దరం దిగాం. నన్ను రమ్మనలేదు, వద్దనీ అనలేదు. వెంట నడిచాను. దారిలో పంక్చర్ల కొట్టు ఒకటుంది. దాన్ని చూడగానే దేవరాజులు ఠక్కున ఆగిపోయాడు. కొట్టువాణ్ణి బతిమాలి గాలి గొట్టానికి తన సెన్సారు తగిలించి, పెట్టె తెరిచి, ల్యాప్‌టాప్ ముక్కాలిపీట మీద పెట్టాడు. కొట్టువాడు కంప్రెసరు మీటరు చూసి ఒత్తిడి ఎంతో చదివాడు. తెర కూడా అంతే చెప్పింది. గాలి తగ్గించారు, అదీ తగ్గింది. పెంచారు, అదీ పెరిగింది. మళ్ళీ చేశారు. మీటరుకూ తెరకూ తేడా లేదు.

"సెన్సారు నిజమే చెప్తా ఉంది" అన్నాడు దేవరాజులు. మొహంలో తేలిక కనబడాలి నిజానికి. కనబడలేదు. "అంటే కన్నియప్పన్ ఇంజను పోయినట్టే. మరి ఆ కొత్త బండి? అదీ పోయినట్టేనా? ఏందయ్యా ఇది!"

"సార్, టైరు సంగతి మాత్రమే నేను చెప్పగలను" అన్నాడు కొట్టువాడు. "మీ తల సంగతి వేరే కొట్టులో అడగండి."

అంబత్తూరు పారిశ్రామిక ఎస్టేటులో షెడ్డు చేరేసరికి లారీ క్యాబిన్ ముందుకు వాల్చి ఉంది. శ్రీకుమార్ చెయ్యి తుడుచుకుంటూ నిలబడ్డాడు. మలయాళీ, పెద్ద మీసాలు, మాట తక్కువ. ఆ షెడ్డులో ఒకప్పుడు ముల్లు తిరిగే గేజీ ఉండేదట, సిలిండరు ఒత్తిడి చూడటానికి. అది కిందపడి పగిలాక, నాయుడి తెర ఉండగా మనకెందుకని ఇంకోటి కొనలేదు. కన్నియప్పన్ తన లారీ టైరు మీద కూర్చుని ఉన్నాడు. వ్యాసర్పాడిలో తెలుగువాళ్ళ మధ్య పెరిగినవాడు కాబట్టి తెలుగూ అరవమూ కలిపి వాయిస్తాడు.

"ఎన్న నైనా, ఈసీజీ మర్చిపోయినావని ఇప్పుడు తెచ్చినావా? ఆపరేషను ముహూర్తం దాటిపోతా ఉంది!"

"ఒక తూరి మళ్ళా చూస్తా."

"చూడు, చూడు. కోతకు ముందు డాక్టరు నాడి పట్టకపోతే మనకు కూడా తృప్తి ఉండదు." నన్ను చూపించి, "ఈ పెద్దాయన ఎవురు, మత్తు ఇచ్చే డాక్టరా?" అన్నాడు.

సెన్సారు బిగించారు. శ్రీకుమార్ సెల్ఫు కొట్టాడు. ఇంజను గర్రుగర్రుమని తిరిగింది. తెర మీద కొండలు లేచాయి, పొట్టివి, మొండి కొసలవి. సిలిండరు మార్చారు, అవే. ఇంకోటి మార్చారు, అవే. దేవరాజులు ఆయిలు మూత తీయించి అక్కడ అరచెయ్యి పెట్టి చూశాడు. రింగులు పోతే అక్కడి నుంచి ఊపిరి ఎగదన్నాలి. ఎగదన్నడం లేదు. ఆ చెయ్యి వైపు చూసుకున్నాడు, తెర వైపు చూశాడు, మళ్ళీ చెయ్యి వైపు.

"ఊపిరి లేదు" అన్నాడు.

"తెర ఏం చెప్తా ఉంది?" అన్నాడు కన్నియప్పన్.

"తెర పోయింది అంటా ఉంది."

"తెర ఎప్పుడన్నా తప్పు చెప్పిందా?"

"లేదు."

"గాలి మిషనుకు పెట్టి చూసుకున్నారు కూడా, దారిలో. సరిగ్గానే ఉంది" అని నేను కూడా అన్నాను, ఎందుకన్నానో గానీ.

కన్నియప్పన్ లేచాడు. నవ్వు పోయింది మొహంలోంచి. ఇంజను మీద చెయ్యి వేశాడు. "నువ్వు చెప్పు నైనా. నువ్వు తెరవమంటే తెరుస్తా. వద్దంటే ఇప్పుడే బండి తీసుకుని పోతా. నాకు ఇంకో మాట లేదు."

దేవరాజులు వంతెన ఉన్న దిక్కుకు ఒకసారి చూశాడు. షెడ్డు బయట ఎవరో ఇనుప రేకులు దించుతున్నారు. ఆ చప్పుడు ఆగాక అన్నాడు: "తెరవండి."

ఇంజను తెరవడమంటే డబ్బా మూత తీయడం కాదు. గొట్టాలు విప్పాలి, బోల్టులు ఒక వరుసలో వదులు చేయాలి, అంత బరువు మూతను గొలుసుతో లేపాలి. నేను బయటికి పోయి టీ తాగాను. పక్క షెడ్డులో ఒకాయన నట్లను పరిమాణాల వారీగా పళ్ళేల్లో వేస్తుంటే చూశాను. తిరిగి వచ్చేసరికి మూత గాల్లో వేలాడుతోంది. ముగ్గురూ సిలిండర్ల మీదికి వంగి ఉన్నారు.

నేనూ తొంగి చూశాను. సిలిండరు గోడల మీద కొత్త ఇంజనుకు కంపెనీవాళ్ళు గీసే సన్నని అడ్డదిడ్డపు గీతలు ఉంటాయి, నూనె నిలవడానికి. రింగులు అరిగిన ఇంజనులో అవి నున్నగా చెరిగిపోతాయి. ఇందులో అవి చెక్కుచెదరకుండా ఉన్నాయి. శ్రీకుమార్ గోరుతో గీకి చూశాడు. ఆరింటిలోనూ అంతే.

"ఇది ఇంకో పదేళ్ళు తెరవక్కర్లేని ఇంజను" అన్నాడు మెల్లిగా.

దేవరాజులు రెండడుగులు వెనక్కి వేశాడు. సెన్సారు చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. ఏదో వాసన తగిలినట్టుంది, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొహం అదోలా అయింది. నాకు ఇచ్చాడు. నేనూ వాసన చూశాను. డీజిలు, కాలిన నూనె, వాటి వెనక ఎక్కడో పూజగది. తప్పకుండా పూజగదే.

ఆయన ఫోన్ తీసి ఇంటికి కొట్టాడు. చేతులకు నూనె కాబట్టి స్పీకరు పెట్టి టూల్సు బల్ల మీద ఉంచాడు.

"ఏందండీ, అన్నం తిన్నారా?" అంది మంగళ.

"మంగళా, పూజనాడు నా పెట్టె ఎవురన్నా కింద వేసినారా?"

"అయ్యో, ఎవురేస్తారు? నేనే తుడిచి, నేనే బొట్టు పెట్టి, మర్నాడు నేనే సర్దినా."

"బొట్టు యాడ పెట్టినావు? తెర మీద లేదే."

"పోయినేడు మీరు ఎంత గలాటా చేసినారు! తెర మీద పెట్టొద్దు, వైర్ల మీద పెట్టొద్దు, మచ్చ పడుతుంది అని. సరి, వేరే అన్నిటికీ పెట్టి, మనకు అన్నం పెట్టేదానికి పెట్టకపోతే ఎట్ట? అందుకే కనపడకుండా ఆ ఇత్తడి దాని ముక్కులో పెట్టినా. వేలు పట్టలేదు, అగరొత్తి పుల్లతో లోపలికి పెట్టినా. మంచి గంధం, సానమీద నేనే అరగదీసినా." కాస్త ఆగి, "ఏం, బాగా పని చేస్తా ఉందా?" అంది.

శ్రీకుమార్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

"ఆఁ" అన్నాడు దేవరాజులు. "బాగుంది. పెట్టేస్తా."

సన్నని తీగతో సెన్సారు రంధ్రంలో పొడిచి అరచేతిలో తట్టాడు. పసుపురంగు పెళ్ళలు రాలాయి, గట్టిపడి, కొసన నల్లబారి. అప్పుడు అర్థమైంది. గంధం రంధ్రాన్ని పూర్తిగా మూయలేదు, ఇరుకు చేసింది. కంప్రెసరు గాలి నిలకడగా ఉండేది, ఆ ఇరుకులోంచి కూడా నెమ్మదిగా లోపలికి చేరి నిండింది, సరైన లెక్క చెప్పింది. ఇంజనులో ఒత్తిడి రెప్పపాటులో లేచి పడిపోయేది. అది లోపలికి దూరేలోపే అయిపోయింది. నెమ్మదైన నిజాన్ని చెప్పి, వేగమైన నిజాన్ని మింగేసింది ఆ సెన్సారు. ఇందాక నేను అన్న మాట, గాలి మిషనుకు సరిగ్గా ఉందన్నది కూడా నిజమే. అన్నీ నిజాలే. ఇన్ని నిజాలు చేరి ఒక మంచి ఇంజనును ఎలా కోశాయో ఇప్పటికీ నాకు పూర్తిగా మింగుడుపడదు.

కన్నియప్పన్ దగ్గరికి వచ్చి ఆ అరచేతిలోకి చూశాడు. అతను ఒక పెళ్ళ తీసుకుని వేళ్ళ మధ్య నలిపి, ఉమ్మి తగిలించి, నుదుట పెట్టుకున్నాడు.

"సామి గంధం నైనా. నేల మీద పోయకూడదు" అన్నాడు. తర్వాత నవ్వాడు, షెడ్డు అంతా వినబడేలా. "సరి పో. నా ఇంజనుకు కూడా పూజ అయిపోయింది. శ్రీకుమారన్నా, కొత్త గాస్కెట్టు వేసి మూసేయ్. ఎవురన్నా అడిగితే చెప్తా, ఈ ఇంజనులో పడింది మనిషి చెయ్యి కాదు, మంగళమ్మ చెయ్యి అని!"

శ్రీకుమార్ నవ్వాడు. నేనూ నవ్వాను, నవ్వు ఆపుకోవడం కష్టమైంది. ఆ నవ్వులో కోపం ఏ కోశానా లేదు. ఉండి ఉంటే దేవరాజులుకు నిలబడటానికి ఒక చోటు దొరికేదేమో. ఎవరైనా తిట్టి ఉంటే ఆయన కూడా ఒక మాట అనేవాడు, వాదించేవాడు, ఫలానా దానివల్ల ఇలా అయిందని చెప్పేవాడు. క్షమించినవాడికి ఏం చెబుతాం? ఆయన మా ముగ్గురి మొహాల్లోకి ఒక్కొక్కటిగా చూశాడు. తెర ముందు చూసినట్టే చూశాడు, ఏది చదవాలో తెలియనట్టు.

"అది సరే గానీ" అన్నాడు కన్నియప్పన్, ఏదో గుర్తొచ్చి. "నా బండి వంతెన ఎక్కదు గదా నైనా. రింగులు కాకపోతే మరి దానికి ఏంది?"

దేవరాజులు సెన్సారును పెట్టెలో పెట్టాడు. ల్యాప్‌టాప్ చుట్టే తెల్లటి మెత్తని బట్ట ఉంది పెట్టెలో, దాన్ని తీసి దులిపాడు. తెరిచి ఉన్న ఇంజను దగ్గరికి పోయి, ఆరు సిలిండర్ల మీదా ఆ బట్టను పరిచాడు. రేకుల దుమ్ము లోపల పడకుండా అంచులు నాలుగు వైపులా లోపలికి మడిచి దోపాడు. ఒకచోట ముడత పడితే దాన్నీ సరిచేశాడు. పెట్టె మూసి చేత పట్టుకున్నాడు.

"టీ చెప్పినా నైనా, తాగి పో" అన్నాడు కన్నియప్పన్.

దేవరాజులు వాల్చిన క్యాబిన్ కింద నుంచి వంగి బయటికి వచ్చి, షెడ్డు గేటు దాటి రోడ్డు మీదికి నడిచాడు. బస్‌స్టాపు ఎడమ వైపు ఉంది. ఆయన కుడి వైపు తిరిగాడు.